మొదటి బంతి ఆడవాళ్లది

మొన్న శనివారం పొద్దున మా అపార్టుమెంటు లిఫ్టు చూడ్డానికి మెకానిక్ వచ్చి, పైనున్న మోటారు గది తలుపు తీసి ఇనప తాళ్లకు కొత్త గ్రీజు పట్టిస్తుంటే, ఆ వాసన మెట్లమీదుగా మూడంతస్తులు దిగి మా వంటింట్లోకి వచ్చేసింది. కలుపుతున్న కాఫీ అలాగే వదిలేసి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాను. ఎదురింటావిడ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని నావైపు వింతగా చూసింది. ఆవిడకేం తెలుసు, అది మా శామ్యేలు పెదనాన్న చొక్కా వాసన. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుంటే, ఎన్ని ఉతుకులు ఉతికినా వదలని ఆ గ్రీజు వాసనా, ఆయన బుగ్గన పెట్టుకునే లవంగం వాసనా కలిసి వచ్చేవి. కాఫీ చల్లారిపోయింది గానీ నాకేం బాధనిపించలేదు.

మాది పాలకొండ దగ్గరి పల్లె నుంచి తాతల నాడు బతుకుదెరువుకు జంషెడ్‌పూర్ వచ్చిన కుటుంబం. తాతయ్య రైలు పట్టాల పనికని టాటానగర్ స్టేషన్లో దిగి ఇక్కడే పాతుకుపోయాడు. నేను పుట్టి పెరిగింది కాసిడీహ్‌లో. రెండు గదులు, రేకుల వంటిల్లు, నాలుగు కాపురాలకూ కలిపి ఒకే వాకిలి, ఒకే బోరింగు. పక్క వాటాలో బెంగాలీలు, ఎదురుగా ఆరా జిల్లా బీహారీలు, మూల గదిలో ఒడియా మేష్టారు. అమ్మ తెలుగులో తిడితే మేం హిందీలో సంజాయిషీ చెప్పుకునేవాళ్లం. కార్ఖానా భోంపూ మోగితే లేవడం, మోగితే తినడం, మోగితే ఆటలు కట్టిపెట్టి ఇంటికి రావడం. మా వీధిలో గడియారం చూసి బతికినవాళ్లను నేను చూడలేదు.

ఎండాకాలం వడగాలికి తలుపులు మూసుకుని గచ్చుమీద తడిగుడ్డ పరుచుకుని పడుకోవడం, పొద్దున్నే మజ్జిగ కలిపిన అంబలి, అందులో నంజుకోడానికి ఉల్లిపాయ; వానలొస్తే సువర్ణరేఖ నిండుగా ఎర్రగా పారుతుంటే వంతెన మీద నిలబడి కొట్టుకొచ్చే కొమ్మల్ని చూడడం; పూజల రోజుల్లో పందిళ్ల దగ్గర డోలు మోతలు, ఛఠ్ పండగ నాడు ఆరావాళ్లు పెట్టే తీపి ఠేకువాలు; చలికాలం సాయంత్రం కార్ఖానా వెనక నిప్పులాంటి ఇనప చిట్టెం పారబోసినప్పుడు ఒక్కసారిగా ఎర్రబడే ఆకాశం; క్రిస్మస్ ముందు ఇంటింటా నూనె మూకుళ్లలో విచ్చుకునే గులాబి పువ్వులు, అరిసెలు; ఊరినుంచి ఎవరైనా రైల్లో వస్తే గోనెసంచిలో ఎండు నెత్తళ్లు, గోంగూర పచ్చడి. ఆ సంచి వాకిట్లోకి రాగానే బెంగాలీ కాకీ ఉన్నచోటనే లొట్టలు వేసేది, ఆరా చాచీ తలుపులు బిడాయించుకునేది.

సెలవులొస్తే మాత్రం మా మకాం పెదనాన్న వాళ్ల గని కాలనీలోనే. టాటానగర్ నుంచి లోకల్ బండెక్కి, కొండలు దగ్గరపడేదాకా కిటికీ కమ్మీకి బుగ్గ ఆనించి కూర్చుంటే, రాగి గని తాళ్ల చక్రాలు చెట్ల పైనుంచి కనపడేవి. వరసగా సున్నం వేసిన క్వార్టర్లు, ఆసుపత్రి, బడి, ఆదివారం సంత, సంతలో సంతాలీ ఆడవాళ్లు కుట్టి అమ్మే సాల ఆకుల విస్తళ్లు. మా పెదనాన్న అక్కడ వైండింగ్ ఇంజిన్ డ్రైవర్. మనుషుల్ని ఇనప పంజరంలో గనిలోకి దింపి, మళ్లీ పైకి లాగే యంత్రం ఆయన చేతిలో ఉండేది. కిందనుంచి గంట కొడితే ఇక్కడ ఆయన పిడి తిప్పాలి. కాలనీలో ఆయన నడిచి వెళ్తుంటే కుర్చీల్లో కూర్చున్నవాళ్లు లేచేవాళ్లు. మా అందరి ప్రాణాలూ నీ చేతిలోనే కదా అన్నట్టుండేది ఆ లేవడం. ఆయన వెనకే నేనూ, ఆయన కూతురు రూతక్కా దొరసానుల్లా నడిచేవాళ్లం.

ఆయనకో నియమం ఉండేది. తన షిఫ్టులో దిగినవాళ్లంతా పైకి వచ్చేదాకా నోట్లో మెతుకు వేసుకునేవాడు కాదు. డబ్బా విప్పకుండా ఇంటికి తెచ్చిన రోజులు బోలెడు. ఎస్తేరు పెద్దమ్మ విసుక్కుంటూనే దానిమీద వేడివేడి చారు పోసి పెట్టేది. "కిందున్నోళ్లు ఆకలితో ఉంటే నాకెలా దిగుద్దే?" అనేవాడు ఆయన, అదేదో చాలా మామూలు సంగతైనట్టు.

మా ఇళ్లల్లో ఇంకో పద్ధతి ఉండేది. భర్త అన్నగారితో మరదలు ఎదురుపడి మాట్లాడకూడదు. మా అమ్మ మరియమ్మ గయ్యాళి కాదు గానీ నోరున్న మనిషి. అయినా పెదనాన్న కనపడితే కొంగు తలమీదికి లాక్కుని తలుపు చాటుకు వెళ్లిపోయేది. ఆయనతో ఏం చెప్పాలన్నా నేనే తంతి కార్యాలయం. "మీ పెదనాన్నకి సెప్పు, నీల్లు కాగినాయని." ఆయన రెండడుగుల దూరంలోనే ఉండి అంతా వినేవాడు, అయినా నేను చెప్పాకే లేచేవాడు.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లకు పిడికిలి బియ్యం ఆనవాయితీ. ఏ పూట వండినా, ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేరున వేరే డబ్బాలో వెయ్యాలి. మా ఇంట్లో అది మూత సొట్టపడ్డ పాలపిండి డబ్బా. ఆదివారం ప్రతి ఆడమనిషీ తన సంచి తెచ్చి మందిరం వెనక గదిలో ఉన్న పెద్ద ఇత్తడి గంగాళంలో పోసేది. సన్నబియ్యం, దొడ్డు బియ్యం, ఉప్పుడు బియ్యం అన్నీ కలిసిపోయి అదో రకం రంగులో ఉండేవి. ఆ బియ్యం అమ్మి దీపాలకూ, చాపలకూ, పాస్టరు అయ్యగారి జీతానికీ వాడేవారు.

నేను ఆరో తరగతిలో ఉండగా గని మూతపడింది. లోపల రాగి అయిపోలేదు. బజారులో దాని ధర పడిపోయింది. బయటి దేశాల నుంచి చవగ్గా వస్తుంటే ఇక్కడ తవ్వడం దండగని పైవాళ్లు లెక్కలేసుకున్నారు. ముందు ఒక షిఫ్టు ఆగింది, తర్వాత రెండోది. ఆసుపత్రిలో డాక్టరు పోయాడు, బళ్లో మేష్టర్లు పోయారు, సంతలో కొట్లు పల్చబడ్డాయి, మంగలి కుర్చీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఆఖరికి నీళ్లు తోడే పంపులు ఆపేశారు. పంపులు ఆపితే గని ఇక గని కాదు, నీళ్లతో నిండిపోయే గొయ్యి. ఆ రోజు పెదనాన్న తనకు తెలిసిన ఒక్కొక్క అంతస్తు పేరూ చెప్పి, ఇప్పుడు నీళ్లు ఇక్కడిదాకా వచ్చుంటాయి, ఇక్కడిదాకా వచ్చుంటాయి అని చెయ్యెత్తి చూపిస్తూ కూర్చున్నాడని రూతక్క చెప్పింది.

రెండు ట్రంకుపెట్టెలు, పరుపుచుట్ట, ఒక కోళ్లగంప, రూతక్క, ఆమె తమ్ముడు బాబి. వాళ్లంతా మా రెండు గదుల్లోకి వచ్చారు. వాళ్ల వెనకే గనిలో పనిచేసిన మరికొన్ని తెలుగు కుటుంబాలు కాసిడీహ్‌లోనూ, చుట్టుపక్కల బస్తీల్లోనూ చుట్టాల ఇళ్లల్లో సర్దుకున్నాయి. ఊళ్లో వాళ్లకు సెంటు భూమి లేదు. తిరిగి వెళ్తే కూలికే వెళ్లాలి. పోనీ ఇక్కడ పని ఉందా అంటే, గనులు ఆగితే లారీలు కొనేవాళ్లు తగ్గారు, లారీలు తగ్గితే వాటికి విడిభాగాలు చేసే షెడ్లు చల్లబడ్డాయి. మా నాన్న అలాంటి షెడ్డులోనే వెల్డర్. ఆయనకు వారంలో సగం రోజులే పని. మిగతా రోజులు సైకిలు తుడిచిందే తుడుస్తూ వాకిట్లో కూర్చునేవాడు.

ఇంటిలో వంట గిన్నె చిన్నదైంది గానీ తినే నోళ్లు పెరిగాయి. గంజి ఎక్కువైంది, కూర పల్చబడింది. అయినా పొయ్యి ముందు అమ్మ పిడికెడు తియ్యడం మానలేదు. పెద్దమ్మ కూడా, తన ఇల్లు కాదు, తన బియ్యం కాదు, అయినా తన వంతు వచ్చిన పూట చెయ్యి పెట్టి పిడికెడు తీసేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు.

ఆ ఏడాది మందిరం స్త్రీల సమాజం వాళ్లు బియ్యం అమ్మకూడదని, పని పోయినవాళ్ల ఇళ్లకు పంపాలని అనుకున్నారు. మంచి ఆలోచనే. అయ్యగారి భార్యను మేం అమ్మగారు అనేవాళ్లం. ఆవిడే ఇద్దర్ని వెంటబెట్టుకుని మొదటి సంచి మా వాకిట్లోకి తెచ్చింది. పెదనాన్న లేచి నిలబడి, చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా వద్దన్నాడు.

"దేవుడికిచ్చింది నానెలా తింతానమ్మగారూ? కాళ్లూ సేతులూ బాగానే ఉన్నాయి కదేటి. లేనోళ్లకియ్యండి."

ఆ సంచి వెళ్లిపోయింది. దానితో ఊరుకుంటే ఒక ఇంటి గొడవే అయ్యేది. కానీ గనివాళ్లందరికీ ఆయన మాటే మాట. రోజూ తమను గనిలోంచి పైకి తెచ్చిన చెయ్యి కదా. శామ్యేలన్న వద్దన్నాడట అని తెలియగానే ఒక్కొక్క గుమ్మం నుంచీ సంచులు తిరిగి వచ్చేశాయి. పిల్లలు మాత్రం ఎండిపోతున్నారు. మా బాబిగాడికి అప్పటికి ఏడేళ్లుంటాయేమో. పెద్దమ్మ రెండో గరిటె వెయ్యబోతే కంచం వెనక్కి లాక్కుని, "భూఖ్ నహీ హై" అనేవాడు. ఆకలి లేదని. ఏడేళ్ల పిల్లాడికి సాయంత్రం పూట ఆకలి లేకపోవడమేమిటి? తండ్రి పౌరుషం ఆ కంచం దాకా వచ్చేసింది. నాకు పెదనాన్నంటే ప్రాణం, అయినా ఆ క్షణంలో ఆయనమీద ఒళ్లు మండింది.

బియ్యం గంగాళంలో పేరుకుపోయాయి. వాటిని ఏం చెయ్యాలని సమాజంలో తర్జనభర్జన పడుతుంటే, మా అమ్మ తేల్చేసింది. "ఇంటికి పట్టుకెల్తే దానమైపోద్దండి అమ్మగారూ. ఇక్కడే వండి అందరం తింటే విందే కదేటి." మాకు క్రిస్మస్‌కూ, కోతపండక్కీ మందిరంలో అందరూ కలిసి తినే ప్రేమ విందు ఉంది. దాన్ని ఇకనుంచి ప్రతి ఆదివారం, మళ్లీ బుధవారం ప్రార్థన తర్వాతా పెట్టాలన్నారు. పని ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, అయ్యగారూ అమ్మగారూ, పెద్ద కార్ఖానాలో ఫోర్మన్లూ అందరూ తినాలి. బియ్యం అందరివీ. పని పోయినవాళ్ల ఇళ్లల్లో కూడా పిడికెళ్లు ఆగలేదు గనక వాళ్లవీ అందులో ఉన్నాయి. కూరకు ఎవరికి ఏది దొరికితే అది తెచ్చేవారు, ఒకరు గుమ్మడి ముక్క, ఒకరు రెండు వంకాయలు, ఒకరు ములక్కాడలు. అందుకే మా మందిరం దప్పళానికి ఇంట్లో ఎంత చేసినా రాని రుచి ఉండేది.

మొదటి ఆదివారం రేకుల షెడ్డు కింద చాపలు పరిచి సాల ఆకుల విస్తళ్లు వేశారు. అలవాటు ప్రకారం మగవాళ్లది మొదటి బంతి, తర్వాత పిల్లలు, ఆఖర్న ఆడవాళ్లు. పెదనాన్న కూర్చోలేదు. చొక్కా చేతులు మడిచి అన్నం బకెట్టు అందుకున్నాడు. "మీరు కానియ్యండి, నాను ఆఖర్న తింతాను." ఆయన బకెట్టు పట్టడం చూసి గనివాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఒకడు పులుసు, ఒకడు నీళ్లు, ఒకడు ఉప్పు, ఇంకొకడికి ఏమీ దొరక్క విసనకర్ర. కూర్చుని తినేవాళ్లకంటే వడ్డించేవాళ్లు ఎక్కువైపోయారు. విస్తరికి ఇద్దరు చొప్పున నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంటే మా నాన్న ఊపిరాడక "ఏటర్రా ఈ అన్యాయం" అని మొత్తుకున్నాడు. నవ్వొచ్చింది గానీ, ఆ ఆదివారమూ, బుధవారమూ, తర్వాతి ఆదివారమూ గనివాళ్లెవరూ తినలేదు. ఆఖర్న తింటామన్నవాళ్లు, ఆఖరు వచ్చేసరికి గిన్నెలు కడగడానికి బోరింగు దగ్గరికి వెళ్లిపోయేవారు. తండ్రులు తినడం లేదని పిల్లలు కూడా మెతుకులు కెలికి లేచేవారు.

మూడో ఆదివారం ఎండ రేకుల్ని కాల్చేస్తోంది. మగవాళ్ల బంతి లేచింది, పిల్లల బంతి లేచింది. పెదనాన్న ఆడవాళ్ల కోసం విస్తళ్లు వేయించి బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క ఆడమనిషీ కూర్చోలేదు. గోడవారన వరసగా నిలబడి ఉన్నారు, ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, అమ్మగారు, ఎస్తేరు పెద్దమ్మ. అందరికంటే ముందు మా అమ్మ.

నేను అమ్మ పక్కకు వెళ్లి నిలబడ్డాను, ఏదో చెప్పమంటుంది, పెదనాన్నకు అందించాలి అనుకుని. అమ్మ నావైపు చూడనైనా చూడలేదు. కొంగు తలమీదికి లాక్కుంది. రెండడుగులు ముందుకు వేసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మా అమ్మ మా పెదనాన్నతో సూటిగా మాట్లాడడం విన్నాను.

"బావగారూ, ఆఖర్న తింతాననీసి మీరు తినకుండా ఇంటికొత్తన్నారు. ఆఖర్న తినేది మేమండి. మీరు కూకునీదాకా మాలో ఒక్కత్తీ ముద్ద ముట్టదు."

మరదలు గొంతు విప్పినందుకు ముసలివాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. పెదనాన్న మొహం ఎర్రబడింది. బకెట్టు కింద పెట్టాడు. అలవాటుగా నావైపు తిరిగి, "మీయమ్మకి సెప్పమ్మా" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. గోడవార నిలబడ్డ వాళ్లనందర్నీ ఒకసారి చూశాడు. అంతమంది ఆకలితో ఉండగా తను ఎన్నడూ తిన్నవాడు కాదు. ఇప్పుడు తను తినకపోవడం వల్లే అంతమంది ఆకలితో ఉన్నారు. అది ఆయనకు అర్థమవడం నేను కళ్లారా చూశాను.

అమ్మవైపు తిరిగాడు. "అలగైతే ముందు మీరు కూకోండమ్మా. నానొడ్డిత్తాను. మీరు లేచినాక నాను కూకుంతాను. నానొక్కన్నే కాదు, మా గనోళ్లందరూ కూకుంతారు."

ఆడవాళ్లు సిగ్గుతో మెలికలు తిరిగిపోయారు. "ఒలమ్మ, మగోళ్లొడ్డిత్తే అరుగుద్దేటే" అని ఒక ముసలమ్మ అంటే అందరూ భళ్లున నవ్వారు. కానీ కూర్చున్నారు. పెదనాన్న మోకాలి మీద వంగి ఒక్కొక్క విస్తట్లో అన్నం పెడుతూ, పక్కవాడి చేత పులుసు పోయిస్తూ, అందరూ తృప్తిగా లేచేదాకా తిరిగాడు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి చాపమీద కూర్చున్నాడు. ఆయన పక్కన గనివాళ్లు బారుగా కూర్చున్నారు. అమ్మే వడ్డించింది. తల ఎత్తకుండా తిన్నాడు. సగంలో విస్తరి కొంచెం ముందుకు జరిపి, "ఇంకాస్త పులుసెయ్యమ్మా" అన్నాడు. అడిగి వేయించుకున్నాడు మా పెదనాన్న. అమ్మ గరిటె నిండా ముంచి పోసింది, కళ్లల్లోంచి నీళ్లు జారాయి. అవతల బాబిగాడు పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తి మళ్లీ అన్నం అడిగి తెచ్చుకున్నాడు.

ఆ రోజు నుంచి మా సంఘంలో ప్రేమ విందుకు మొదటి బంతి ఆడవాళ్లది. వడ్డించేది మగవాళ్లు. ఊళ్లో వేరే ఏ మందిరంలోనూ, ఏ పెళ్లిలోనూ అలా ఉండేది కాదు; పాలకొండ నుంచి వచ్చిన చుట్టాలు చూసి బుగ్గలు నొక్కుకునేవారు. మేం మాత్రం తలెత్తుకుని వెళ్లి ముందు కూర్చునేవాళ్లం.

రెండు చలికాలాలు అలాగే గడిచాయి. మెల్లగా ఒక్కొక్కరికీ ఏదో ఒకటి దొరికింది. ఒకాయన టెల్కో కాలనీ బస్సుకు కండక్టరయ్యాడు, ఒకాయన ఊరినుంచి ఎండుచేపలు తెప్పించి సాక్చీ బజారులో అమ్మాడు. పెద్దమ్మ జంతికలు చేసి కొట్లకు వేసింది. రూతక్క బడి మానకుండా చదివి నర్సయింది. కుటుంబాలు చెదిరిపోలేదు, ఒక్క పిల్ల చదువూ ఆగలేదు. పెదనాన్నకు ఒక నర్సింగ్‌హోమ్‌లో లిఫ్టు నడిపే పని దొరికింది. పాతాళం దాకా మనుషుల్ని దింపినవాడికి నాలుగంతస్తుల పెట్టె ఇచ్చారని మా నాన్న నొచ్చుకున్నాడు. పెదనాన్న మాత్రం చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లేవాడు. స్ట్రెచర్ మీద ఉన్నవాళ్లకు కుదుపు తెలియకుండా ఆపేవాడని ఆ ఆసుపత్రి నర్సులు రూతక్కకు చెప్పేవారు. ఆయన, మా అమ్మ, ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. నా తంతి ఉద్యోగం మాత్రం పోయింది.

ఇప్పుడు ఆ రేకుల షెడ్డు లేదు. దాని స్థానంలో టైల్స్ పరిచిన హాలు వచ్చింది. విందుకు క్యాటరింగ్ వాళ్లు వస్తారు. ఎవరి పళ్లెం వాళ్లు పట్టుకుని నిలబడి తింటారు గనక మొదటి బంతీ లేదు, ఆఖరి బంతీ లేదు. పిడికిలి బియ్యం ఎప్పుడు ఆగిపోయాయో నాకే గుర్తులేదు. ఇంటింటా కాపురాలు తలుపులేసుకుని ఉంటాయి, ఎవరి పొయ్యి చల్లగా ఉందో పక్కింటికి తెలియదు.

ఈమధ్య మళ్లీ చిన్న షెడ్లు మూతపడుతున్నాయి. కాంట్రాక్టు పనివాళ్లను రేపటినుంచి రావద్దంటున్నారు. మంచివాళ్లు ఇప్పుడూ ఉన్నారు, బియ్యం, పప్పు సంచులు కట్టి పంచుతున్నారు. పంచినప్పుడల్లా ఫొటో తీసి ఫోను గ్రూపులో పెడతారు. నిన్న వచ్చిన ఫొటోలో నా వయసు ఆడమనిషి ఒకామె సంచి అందుకుంటూ మొహం పక్కకు తిప్పుకుని ఉంది. రూతక్క కొడుకు ఆ ఫొటో చూస్తూ, "మౌసీ, మీ రోజుల్లో పెట్టినవాళ్లెవరు, తిన్నవాళ్లెవరు?" అని హిందీలో అడిగాడు.

ఆలోచించాను. మందిరంలో కెమెరా ఉండేది, క్రిస్మస్‌కు తీసేవాళ్లు. ఆ ఆదివారాల ఫొటో మాత్రం ఒక్కటీ లేదు, ఎవరూ తియ్యలేదు. పెట్టిందెవరో, తిన్నదెవరో నాకు తెలియదని చెప్పాను. అందరి పిడికెళ్లూ ఒకే గంగాళంలో కలిసిపోయాయి, నిజంగానే తెలియదు. మా అమ్మకీ తెలిసుండదు.